డుడుమ: కరెంటుగా మారిన జలపాతం

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో నేను పనిచేసే క్లినిక్కుకు వచ్చే ఉత్తరాంధ్రవారు, సెలవులకు వెళ్ళివచ్చాక అరకు, డుడుమ ఫొటోలు చూపిస్తుంటారు. ఆగస్టు ఫొటోలో లోయంతా పొగలా తుంపర. మార్చి ఫొటోలో నల్లని బండ మీద సన్నని ధార. ఇది ఋతుభేదమే అనుకుంటే పొరపాటు. దీని వెనుక 70 ఏళ్ళ చరిత్ర ఉన్నది.

మాడుగుల కొండలలో పుట్టే ఈ నదిని మన్యంలో మత్స్యగెడ్డ అంటారు. పాడేరు దగ్గరి మత్స్యగుండంలో చేపలను దైవంగా కొలుస్తారు, పట్టరు. మాచ్‌ఖండ్ అన్న పేరుకూ అదే అర్థం. ఈ నది డుడుమ వద్ద 500 అడుగులకు పైగా లోతుకు దూకి, దిగువన సీలేరై, శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై, జయపురం సీమ అందులో చేరడంతో జలపాతం సరిహద్దున పడింది. అందుచేతనే జలవిద్యుత్ పథకం మద్రాసు, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి వ్యవహారమైంది. మద్రాసు వాటా 1953లో ఆంధ్రరాష్ట్రానికి సంక్రమించింది. 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కేంద్రాన్ని ప్రారంభించారు.

జోలాపుట్ జలాశయంలో నిలిపిన నీటిని జలపాతానికి కాస్త ఎగువనే మళ్ళించి, గొట్టాల ద్వారా ఒనకఢిల్లీ దగ్గరి లోయలోని విద్యుత్ కేంద్రానికి దింపుతారు. ఆరు యూనిట్లు, సుమారు 115 మెగావాట్లు. అంటే జలపాతపు దూకుడే గొట్టాలలోకి చేరింది. మళ్ళింపు కట్ట మీదుగా పొర్లిన మిగులే బండ మీద పడుతుంది.

వైద్యుడిగా నన్ను ఆకర్షించినది మరొకటి. జయపురం కొండలలోని మలేరియాపై పెర్రీ అనే వైద్యాధికారి 1914లోనే ఒక అధ్యయనం ప్రచురించారు. కొండవాగుల పారే నీటిలో పెరిగే అనాఫిలిస్ ఫ్లువియాటిలిస్ దోమ అక్కడి ప్రధాన వాహకం. పసితనం నుంచీ పదేపదే జ్వరపడి బతికి బట్టకట్టిన గిరిజనుడికి కొంత రోగనిరోధకశక్తి వస్తుంది. మైదానం నుంచి వచ్చినవాడికి అది ఉండదు. మన్యపు జ్వరమంటే మైదానంలో భయం ఊరికే పుట్టలేదు. ఒకరకంగా ఆ జ్వరమే కొండకు కాపలా. డీడీటీ మన దేశానికి వచ్చిన సంవత్సరాలలోనే ఇక్కడ భారీ నిర్మాణం మొదలవడం కేవలం కాకతాళీయం కాదేమోనని నా ఊహ. ఊహ మాత్రమే.

కాపలా పోయాక కొండవాళ్ళకు దక్కినదేమిటి? జలాశయం కోసం దాదాపు 3 వేల కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. వాటిలో సగానికి పైగా గిరిజనులవి. పునరావాసం పొందినవి 600 మాత్రమే. ఇక్కడ నేనూ లబ్ధిదారునే. విశాఖలో వైద్యవిద్య చదివిన రోజులలో మా హాస్టలు దీపాలకు ఈ మాచ్‌ఖండ్ కరెంటులోనూ కొంత పాలు ఉండేది. అది ఎవరి పొలాల మీదుగా వచ్చిందో ఆనాడు మాలో ఎవరమూ అడగలేదు.

డుడుమ చూడదలచినవారు ముంచంగిపుట్టు మీదుగా వానకాలంలోనే వెళ్ళాలి, మళ్ళింపు కట్ట నిండి పొర్లే రోజులలో. ఆ కట్టను కూడా చూసి రావాలి. అది జలపాతానికి కూతవేటు దూరంలోనే ఉన్నది.