నెంబర్ 1 రికార్డ్

నెంబర్ 1 రికార్డ్, అమెరికాలోని మెంఫిస్ నగరానికి చెందిన బిగ్ స్టార్ అనే రాక్ సంగీత బృందం యొక్క మొదటి ఆల్బమ్. ఆర్డెంట్ సంస్థ దీనిని 1972లో విడుదల చేసింది. పవర్ పాప్ అనే సంగీతశైలికి ఇది మూలస్తంభాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది. బీటిల్స్ తరహా తీయని బాణీలకు, కలగలిసిన గొంతులకు ఎలక్ట్రిక్ గిటార్ల జోరును జోడించడం ఈ శైలి లక్షణం. ఈ పేరును 1967లో ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ వాడుకలోకి తెచ్చాడు.

బృందం

క్రిస్ బెల్, అలెక్స్ చిల్టన్ గిటారు వాయిస్తూ పాడేవారు. ఆండీ హమ్మెల్ బేస్ గిటారు, జోడీ స్టీవెన్స్ డ్రమ్ములు వాయించేవారు. చిల్టన్ అప్పటికే ప్రసిద్ధుడు. 1967లో పదహారేళ్ళ వయసులో బాక్స్ టాప్స్ బృందంతో అతను పాడిన ద లెటర్ అమెరికాలో ప్రథమస్థానం పొందింది. అయినా ఈ ఆల్బమ్‌కు రూపురేఖలు దిద్దినవాడు బెల్. స్టూడియో దగ్గరలోని ఒక సూపర్ మార్కెట్ పేరునే బృందానికి పెట్టుకున్నారు.

పాటలు

ఇందులో 12 పాటలున్నాయి. ఎక్కువ పాటలకు రచయితలుగా బెల్, చిల్టన్ ఇద్దరి పేర్లూ కలిపి వేశారు. బడియీడు పిల్లవాని తొలిప్రేమను చెప్పే థర్టీన్ పాటలో డ్రమ్ములు లేవు. హమ్మెల్ రాసిన ది ఇండియా సాంగ్ మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. కాని అందులో కనిపించేది దొరల బంగళాల నాటి ఊహాలోకమే తప్ప నిజమైన భారతదేశం కాదు.

అమ్మకాలు

బిల్‌బోర్డ్, రోలింగ్ స్టోన్ వంటి పత్రికలు ఆల్బమ్‌ను మెచ్చుకున్నాయి. కాని పంపిణీ బాధ్యత వహించిన స్టాక్స్ సంస్థ ప్రధానంగా నల్లజాతివారి సోల్ సంగీతానికి పేరుపొందినది. రాక్ రికార్డులను దుకాణాలకు చేర్చడంలో విఫలమైంది. రేడియోలో పాట విని దుకాణానికి వెళ్ళినవారికి రికార్డు దొరకలేదు. విజయవాడలో బాగా ఆడుతున్న సినిమాయైనా, ప్రింటు నందిగామ, జగ్గయ్యపేట హాళ్ళకు రాకపోతే అక్కడివారికి అది లేనట్టే కదా! తొలినాళ్ళలో పదివేల ప్రతులైనా అమ్ముడుపోలేదని చెబుతారు. నెంబర్ 1 అన్న పేరు ఎగతాళిగా మిగిలింది.

ఈ వైఫల్యం బెల్‌ను కుంగదీసింది. పైగా పత్రికల దృష్టి అంతా చిల్టన్ మీదనే నిలిచింది. బెల్ 1972 చివరలో బృందాన్ని వీడాడు. 1978 డిసెంబరులో కారు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయసు 27.

తరువాతి గుర్తింపు

1980వ దశకంలో ఆర్.ఇ.ఎం. వంటి బృందాలు బిగ్ స్టార్ ప్రభావాన్ని బాహాటంగా చెప్పుకున్నాయి. రీప్లేస్‌మెంట్స్ బృందం 1987లో అలెక్స్ చిల్టన్ అనే పేరుతోనే ఒక పాట వెలువరించింది. ఈ ఆల్బమ్‌లోని ఇన్ ది స్ట్రీట్ పాటను ఇతరుల గొంతుతో 1998లో మొదలైన దట్ సెవెంటీస్ షో టీవీ ధారావాహికకు శీర్షికాగీతంగా వాడారు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో ఇది 438వ స్థానం పొందింది. 2010 మార్చిలో చిల్టన్, జూలైలో హమ్మెల్ మరణించగా, నలుగురిలో జోడీ స్టీవెన్స్ ఒక్కడే మిగిలాడు.