ఎడమకాలి టోర్నమెంటు

మొన్న శనివారం మా టీమ్ వాళ్ళతో కలిసి ఫుట్‌బాల్ ఆడాను. ఆడాను అనేకంటే పది నిమిషాలు పరిగెత్తి, మిగతా టైమంతా నడుం మీద చేతులేసుకుని రొప్పాను అంటే నిజాయితీగా ఉంటుంది :). బంతి ఎడమకాలి దగ్గరకొచ్చిన ప్రతిసారీ దాన్ని కుడికాలికి మార్చుకునేలోపు ఎదుటివాడు లాక్కుపోయాడు. ఇంటికొచ్చి మోకాలికి ఐసు పెట్టుకుంటుంటే రహీం సాబ్ గుర్తొచ్చారు.

సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టిన హైదరాబాదీ, వృత్తి బడిపంతులు. 1950 నుంచి భారత జట్టు కోచ్. 2024లో అజయ్ దేవగణ్ వేసిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి పేరు తెలిసే ఉంటుంది. అయితే నా మటుకు నాకు ఆయన గెలిచిన కప్పుల కంటే నేర్పిన పద్ధతే గొప్పగా అనిపిస్తుంది. అది అర్థం కావాలంటే ముందు మనవాళ్ళ సమస్యేంటో చూడాలి.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు. అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని! ఉత్తకాళ్ళతో ఆ బంతి మీద వాళ్ళ పట్టు చూసి అక్కడి జనం ముచ్చటపడ్డారు. మనం కూడా పొంగిపోయాం. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1952లో హెల్సింకీలో, చలిలో, యుగోస్లావియా మనమీద పది గోల్స్ కొట్టింది. మనం కొట్టింది ఒకటి. అప్పుడూ కోచ్ రహీమే. ఆ తరవాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

ఇది మనకి బాగా తెలిసిన కథే కదా... "నా మెషీన్‌లో బానే నడుస్తోందే" అనే కథ. పొడినేల మీద ఉత్తకాలికి బంతి బాగా తెలుస్తుంది, నిజమే. తడిసిన చలినేల మీద అదే కాలు జారుతుంది. పైగా మన దేశంలో అప్పట్లో మ్యాచంటే 70 నిమిషాలు, బయట 90. చివరి ఇరవై నిమిషాల ఆట మనవాళ్ళకి అలవాటే లేదు. నైపుణ్యం లేక కాదు, ఆ నైపుణ్యం ఒక్క వాతావరణానికే సరిపోయేలా పెరిగింది.

రహీం చేసిన పనేంటంటే, ఆటని ముక్కలుగా విడగొట్టి ఏ ముక్కకాముక్క సానబెట్టడం. హైదరాబాదులో ఆయన వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

వినడానికి పిల్లలాటలా ఉంటుంది కానీ ఆలోచించి చూడండి. ఒంటికాలి ఆటగాడు ఎటు తిరుగుతాడో డిఫెండర్‌కి ముందే తెలిసిపోతుంది. బంతిని మంచికాలికి మార్చుకోడానికి ఒక తాకుడు వృథా, ఆ అరసెకనులో దారి మూసుకుపోతుంది (నా శనివారం మొత్తం ఆ అరసెకన్లలోనే పోయింది). ఇక డ్రిబ్లింగ్ వద్దంటే, బంతి లేని మిగతా పదిమందికి పని పడుతుంది. ఖాళీ వెతుక్కుని పరిగెత్తాలి, లేకపోతే బంతి ఉన్నవాడు ఎవరికిస్తాడు? తొంభై నిమిషాల్లో ఒక్కో ఆటగాడి దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా సమయంలో ఏం చేస్తాడన్నదే అసలు ఆట. మనం చప్పట్లు కొట్టేది మాత్రం ఆ రెండు నిమిషాలకే.

ఫలితం? ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్ళింది. అక్కడ మళ్ళీ యుగోస్లావియా! ఈసారి ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడాం, నిజమే. కానీ 10-1 నుంచి అక్కడికి నాలుగేళ్ళలో వచ్చాం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. ట్రయల్స్‌కి రావడానికి డబ్బుల్లేవంటే అతనికి సైకిల్ అద్దె రహీమే ఇచ్చారంటారు.

1962 జకార్తా ఏషియాడ్ నాటికి రహీంకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు! సెమీస్‌లో ఒకటి, ఫైనల్లో ఒకటి గోల్ కొట్టాడతను. ఇజ్రాయెల్, తైవాన్‌లకి ఆ పోటీల్లో చోటివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టాడని స్టేడియమంతా మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే, అదే కొరియాని 2-1తో గెలిచాం. తొమ్మిది నెలలకి, 1963 జూన్‌లో, రహీం పోయారు.

ఆ తరవాత ఫుట్‌బాల్‌లో మనకి ఏషియాడ్ స్వర్ణం రాలేదు. 1970లో ఒక కాంస్యం, అంతే. హైదరాబాద్ ఫుట్‌బాల్ కూడా మెల్లగా వాడిపోయింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిస్తే సంబరపడ్డాం, 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది.

ఒక్క మనిషి పోతే ఇదంతా కూలిపోయిందా అంటే, కాదు. డబ్బు, క్రికెట్టు, సమాఖ్య రాజకీయాలు, ఎన్నో కారణాలు. కానీ మన ప్రాజెక్టుల్లో చూస్తూనే ఉంటాం కదా, మొత్తం సిస్టమ్ ఒక్కడి బుర్రలో ఉంటే, వాడు వెళ్ళిన రోజు తెలుస్తుంది మన దగ్గర ఏం లేదో. రహీం పద్ధతికి ఖర్చేమీ లేదు. ఒక బంతి, ఒక ఖాళీ స్థలం, రెండు నియమాలు. దాన్ని ప్రతి బడికీ చేర్చాలని అప్పట్లో గట్టిగా అనుకుని ఉంటే? మనం పతకాన్ని దాచుకున్నాం, పాఠాన్ని పారేసుకున్నాం.

వచ్చే శనివారం ఒక అరగంట ఎడమకాలితోనే ఆడదామని మావాళ్ళకి మెయిల్ కొట్టాను. ఇప్పటిదాకా ఒక్కడే ఒప్పుకున్నాడు. వాడు పుట్టు ఎడమకాలివాడు. వాడికి కుడికాలని చెప్పాలి ఇంకా :)