మల్కాపురశాసనమును నిరాశ్రయపోషణమును

ఆంధ్రదేశచరిత్రకారులు రాజుల జయాపజయములను, దేవాలయదానములను విస్తరముగా వర్ణించిరి. కాని యాకలిగొని, తలదాచుకొను చోటులేక వచ్చినవానికి నాటిసంఘ మేమి యేర్పాటు చేసినదను విషయము వారి గ్రంథములందు మిక్కిలి సంగ్రహముగనే కానవచ్చుచున్నది. ఈలోపమును గొంత తీర్పగల సాధనము మల్కాపురశాసనము.

సత్త్రశబ్దము వైదికవాఙ్మయమున బెక్కుదినములు సాగు యజ్ఞమునకు బేరు. పిమ్మట నిత్యాన్నదానము జరుగుశాలకును నదియే పేరయ్యెను. దీనినే తమిళులు చత్తిరమనియు మనవారు సత్రమనియు వ్యవహరింతురు. అన్నము పెట్టుటయు విరామములేని క్రతువేయని పూర్వులు తలంచియుందురని యీ నామసామ్యమునుబట్టి యూహింపవచ్చును.

కృష్ణాతీరమున మందడము చెంతనున్న మల్కాపురమందలి యీశాసనము శా. శ. 1183, అనగా క్రీ. శ. 1261 నాటిది. కాకతి గణపతిదేవుడు తన దీక్షాగురువగు విశ్వేశ్వరశివాచార్యునకు మందడమును వాగ్దానము చేయగా, రుద్రమదేవి దానిని వెలగపూడితోగూడ ధారవోసెను. ఆచార్యు డాదాయమును దనకొఱకు నిలుపుకొనక, దేవాలయమును, మఠమును, విద్యాలయమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అన్నసత్రమును నెలకొల్పెను. బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్లరకు నన్న మిడవలయునని కట్టడి చేసెను.

ఇందు రెండంశములు గమనింపదగినవి. అర్థిని కులమునుబట్టి త్రోసివేయరాదనుట మొదటిది. దాతయొక్క యప్పటి దయపై గాక, నియతమగు భూమియాదాయముపై ధర్మమును నిలుపుట రెండవది. అయినను మితిమీరి పొగడరాదు. శాసనము చేయవలసినదానిని జెప్పునేకాని, జరిగినదానికి సాక్ష్యము గాదు. అన్నము పెట్టుసత్రము నివాసగృహమునకు సాటియును గాదు.

నియతాదాయమైనను గాపాడువారు లేనిచో నిలువదు. ధర్మసంస్థల యాదాయములు దాతల యుద్దేశమునకు విరుద్ధముగా వినియోగింపబడుచుండుటచేతనే చెన్నపురి ప్రభుత్వము 1817లో 7వ రెగ్యులేషనును జేసి, దేవాలయములతోపాటు సత్రములను గూడ రెవెన్యూబోర్డు విచారణక్రింద నుంచెను. అయినను 1832-33 నాటి నందనకరవున గుంటూరుమండలమందు, అయిదులక్షల జనులలో నించుమించు రెండులక్షలమంది మరణించిరని చరిత్రకారుల యంచనా. దేశమునంతటిని ముంచు క్షామమునకు సత్రము లొక్కటియే చాలవని దీనివలన దేలుచున్నది.

అట్టి యాపదలందు మహనీయులు కొందఱు తమసర్వస్వము నర్పించిరి. 1866 నాటి కరవున కర్నూలుసీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలకొలది జనమునకు గంజియు నన్నమును బెట్టించెను. గోదావరీతీరమున లంకలగన్నవరమందు డొక్కా సీతమ్మ (1841-1909) వేళగానివేళ వచ్చినవారికిని వండిపెట్టి, అపరాన్నపూర్ణయని పేరొందెను. వీరి త్యాగము స్తుత్యము. కాని వ్యక్తి నాశ్రయించిన ధర్మ మావ్యక్తితోనే యంతరించు నపాయము గలదు. కావున దాత, ఆదాయము, విచారణకర్త యను మూడును గూడినపుడే యీ ధర్మము నిలుచునని మా యభిప్రాయము.

ఈప్రశ్న ప్రాచీనమాత్రము గాదు. 2011 జనగణనలో భారతదేశమున నిండ్లు లేనివారు 17 లక్షలకు బైగా లెక్కింపబడిరి. నగరములందు లక్షజనాభాకొక యాశ్రయగృహ ముండవలయునని సుప్రీముకోర్టు 2010లో ఆదేశించెను. 2013లో నారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషను, లక్షజనాభాకు నూర్గురకైన బసయుండవలయునని నియమించెను. ఇదియు నొక శాసనమే. మల్కాపురశాసనమునకు వలెనే దీనికిని బరీక్ష యక్షరములందు గాదు, రాత్రివేళ తలుపుతట్టినవానికి లభించు సమాధానమందే కలదు.

2016 మొదలు ఆంధ్రప్రదేశ సచివాలయము పనిచేయుచున్నది ఆ వెలగపూడియందే. ఏ భూమియాదాయముతో నాడు చండాలునికిని విస్తరి వేయవలయునని నియమించిరో, ఆ భూమియందే నేడు రాజ్యకార్యములు నడచుచున్నవి. శాసనమును జదివిన పండితుడు తన శిష్యులకు రాజుల వంశావళితోపాటు ఆ విస్తరి ముచ్చటను గూడ జెప్పినచో, చరిత్రాధ్యయనము సార్థకమగును.