పొగగొట్టానికి పింగాణి పూత: దాని పుట్టుక, దాని ఫలము

మోటారు కారు ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన ఉష్ణంలో చక్రాలను త్రిప్పే పనికి వచ్చేది ఇంచుమించు మూడవ వంతు, తరచుగా అంతకంటె తక్కువే. మరియొక మూడవ వంతు పొగతోపాటు బయటికి పోతుంది. తక్కినది చల్లబరచే నీటిలోను, గాలిలోను కలుస్తుంది. సిలిండర్లను విడిచిన పొగ మొట్టమొదట ప్రవేశించే లోహపు కూడలికే ఎగ్జాస్టు మానిఫోల్డు అని పేరు. నాలుగు సిలిండర్ల నుండి వచ్చే నాలుగు గొట్టాలు అక్కడ ఒకటిగా కలుస్తాయి. ఇంజను బరువు లాగుతున్నప్పుడు అక్కడి వాయువుల ఉష్ణోగ్రత 800 సెంటిగ్రేడు డిగ్రీలు దాటుతుంది. అట్టి సమయంలో చీకటిలో చూస్తే గొట్టము ఎర్రగా మెరుస్తూ కనిపించవచ్చును.

ఈ కూడలికి పింగాణి పూత పూయిస్తే బానెట్టు క్రింద వేడి తగ్గుతుందనీ, ఇంజను బలము పెరుగుతుందనీ, గొట్టము తుప్పు పట్టదనీ చెప్పే వర్తకులు నేడు అనేక దేశాలలో ఉన్నారు. పూతకు అయ్యే ఖర్చు మాత్రము తక్కువ కాదు. ఆ ఖర్చుకు తగిన ఫలము ఉన్నదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెనంటే ఈ పూత మొదట ఎవరి అవసరము కొరకు పుట్టినదో తెలుసుకోవలెను. ఒక చోట అమూల్యమైన వస్తువు మరియొక చోట అలంకారము మాత్రమే కావచ్చును గదా!

లోహముపై గాజువంటి పూత పూయడము ప్రాచీన విద్య. మన ఇండ్లలోని ఎనామెలు గిన్నెలు, పళ్ళాలు ఆ విద్య ఫలితాలే. దానిని ఇంజను వేడికి తట్టుకొనేటట్లు మార్చినది రెండవ ప్రపంచయుద్ధము. యుద్ధకాలంలో విమానాల పొగగొట్టాలకు నికెలు, క్రోమియము కలిసిన మేలిరకపు ఉక్కు కావలసి వచ్చినది. ఆ లోహాలకు ఎక్కడ చూచినా కొరతయే. సామాన్యమైన ఉక్కును వాడుదామంటే, ఎర్రని వేడిలో అది ఆమ్లజనితో కలిసి పొరలు పొరలుగా ఊడి పోతుంది. అప్పుడు అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో హారిసన్, మూర్, రిచ్‌మండ్ మొదలగువారు గాజుపొడిలో క్రోమియము ఆక్సైడు వంటి మంటకు ఓర్చే పదార్థాలను కలిపి, ఉక్కుపై పూసి, కొలిమిలో కాల్చి గట్టి పూతలు తయారు చేసినారు. వారి పరిశోధనల వివరాలు 1947లో ప్రచురితమైనవి. పూత మందము అంగుళంలో వెయ్యోవంతులతో లెక్కించవలసినంత స్వల్పము.

ఇక్కడ ఒక విషయము గమనించవలెను. ఆ పూత పని ప్రధానంగా ఉష్ణాన్ని ఆపడము కాదు; ఆమ్లజనిని లోహము దరికి రానీయకుండుట. దాని విలువను ఆనాడు డబ్బుతో గాక, మిగిలిన నికెలుతోను, క్రోమియముతోను లెక్కించినారు.

ఉష్ణాన్ని ఆపే పూతకు వేరొక వంశము కలదు. 1789లో జర్మను రసాయనవేత్త క్లాప్రోత్ సింహళము నుండి వచ్చిన జిర్కాన్ అనే రత్నశిలను పరీక్షించి, అందులో ఒక క్రొత్త మూలకము ఉన్నదని గుర్తించినాడు. అదే జిర్కోనియము. దాని ఆక్సైడైన జిర్కోనియా 2,700 డిగ్రీల వరకు కరగదు. పైగా ఉష్ణాన్ని బహు మందంగా ప్రసరింపజేస్తుంది. కాని అంత సులభంగా కరగని పదార్థాన్ని లోహముపై పూయడ మెట్లు? స్విట్జర్లాండు దేశీయుడైన షూప్ ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో లోహాలను మంటలో కరిగించి గాలితో చిమ్మే పద్ధతిని కనిపెట్టినాడు. 1950 తరువాత ఆ పద్ధతి పింగాణి పదార్థాలకు కూడ విస్తరించినది. విద్యుచ్ఛాపంతో వాయువును ప్లాస్మాగా మార్చి, వేల డిగ్రీల వేడిలో పొడిని కరిగించి చిమ్మే సాధనాలు కూడ ఆ దశాబ్దంలోనే వచ్చినవి.

అమెరికావారి ఎక్స్-15 రాకెట్టు విమానంలో 1960లో అమర్చిన పెద్ద ఇంజను లోపలి గోడలకు జిర్కోనియా పూత పూసినారు. మానవుడు నడిపిన విమానంలో ఉష్ణాన్ని అడ్డగించుట కొరకు పింగాణి పూతను వాడుట అదే మొదటిసారి అని చెప్తారు.

అయితే జిర్కోనియాలో ఒక దోషము కలదు. కాగి చల్లారేటప్పుడు, సుమారు వేయి డిగ్రీల దగ్గర, దాని స్ఫటిక నిర్మాణము మారి ఘనపరిమాణము నూటికి నాలుగైదు వంతులు పెరుగుతుంది. దానితో పూత పగిలి రాలిపోతుంది. ఇతర ఆక్సైడులను కొద్దిగా కలిపితే ఈ మార్పు ఆగుతుంది. ఏది ఎంత కలుపవలెననేదే చిక్కు. అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన క్లీవ్‌లాండ్ పరిశోధనాలయంలో (అప్పటి పేరు లూయిస్, 1999 నుండి గ్లెన్) 1976లో ఇట్రియా కలిసిన జిర్కోనియాను జెట్ ఇంజను టర్బైను రెక్కలకు పూసి, ఇంజనును నడిపి పరీక్షించినారు. తరువాత అక్కడి శాస్త్రజ్ఞుడు స్టెకురా, బరువులో నూటికి ఆరు నుండి ఎనిమిది వంతుల ఇట్రియా ఉన్న పూతయే అన్నిటికంటె ఎక్కువ కాలము నిలుస్తుందని తేల్చినాడు. నేటి జెట్ ఇంజనులలో చాలావాటికి ఇదే ఆధారము.

టర్బైను రెక్కకు ఇంత మేలు చేసిన పూత కారు పొగగొట్టానికి చేయదా? విద్యార్థులు తాము నేర్చిన ఉష్ణవాహకత సూత్రంతోనే దీనిని లెక్కించవచ్చును. చిమ్మిన జిర్కోనియా ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు ఒక వాటు. పోత ఇనుముది 40కి పైన. పూత మందము 0.3 మిల్లీమీటరు అనుకొందాము. టర్బైను రెక్క వెలుపల మండే వాయువులు, లోపల చల్లని గాలి ఉంటాయి. కాబట్టి ప్రతి చదరపు మీటరులోను పది లక్షల వాట్ల వరకు ఉష్ణము ప్రవహిస్తుంది. పది లక్షలను 0.0003తో గుణించి ఒకటితో భాగిస్తే 300 వస్తుంది. అనగా పూతకు ఒక ప్రక్కకు, మరియొక ప్రక్కకు 300 డిగ్రీల తేడా! వాస్తవంలో ఇంత రాకపోయినా, నూరు డిగ్రీలకు పైబడిన తేడా వస్తుంది. లోహానికి అది ప్రాణభిక్షయే.

ఇప్పుడు పొగగొట్టానికి వద్దాము. దాని ఉపరితలము 600 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు చదరపు మీటరు నుండి బయలుదేరే ఉష్ణము సుమారు ముప్పది వేల వాట్లు. అదే పూతను వేసి అదే గుణకారము చేస్తే వచ్చేది 9. తొమ్మిది డిగ్రీలే! పూత మారలేదు, సూత్రము మారలేదు. దాని గుండా పోయే ప్రవాహము మారినది. పూత ఇంకా పలుచనైతే తేడా ఇంకా తక్కువ. అదీ గాక, పూతను గొట్టము వెలుపల వేస్తే లోపలి లోహము చల్లబడదు సరికదా, కొంచెము ఎక్కువగానే కాగుతుంది.

అయితే పూత వేసిన గొట్టము దగ్గర వేడి తక్కువగా ఉన్నదని చెప్పేవారందరు అబద్ధమాడుచున్నారా? కాదు. దీనికి కారణము 1804లో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు లెస్లీ చేసిన ప్రయోగంలో ఉన్నది. ఆయన ఒక డబ్బాలో వేడినీళ్ళు పోసి, దాని ప్రక్కలలో ఒకదానికి మసి పూసి, మరియొకదానిని మెరిసేటట్లు చేసినాడు. నీటి వేడి ఒకటే అయినా మసి పూసిన ప్రక్క ఎక్కువ ఉష్ణాన్ని, మెరిసే ప్రక్క బహు తక్కువ ఉష్ణాన్ని వెదజల్లినవి. తుప్పు పట్టిన పోత ఇనుము మసి పూసిన ప్రక్క వంటిది. 600 డిగ్రీల వద్ద అది చదరపు మీటరుకు 26,000 వాట్ల వరకు ఉష్ణాన్ని వికిరణము చేస్తుంది. అల్యూమినియము పొడి కలిసిన మెరిసే పూత వేస్తే, ఆ ఉష్ణోగ్రత వద్దనే అది 10,000 వాట్లకు తగ్గవచ్చును. కనుక ఇక్కడ మేలు చేసేది ముఖ్యంగా పూత మందము కాదు, దాని మెరుపు. నల్లని పూతలో ఈ మేలు లేదు. మెరిసే పూతకు కూడ మసి, నూనె అంటితే మేలు తగ్గిపోతుంది.

దీనిలో మరియొక మోసము కలదు. తాకకుండా ఉష్ణోగ్రతను చూపే పరారుణ సాధనాలు వికిరణాన్ని కొలిచి డిగ్రీలను ఊహిస్తాయి. మెరిసే ఉపరితలము తక్కువ వెదజల్లుతుంది కాబట్టి, ఆ సాధనము దానిని ఉన్నదానికంటె చల్లనిదిగా చూపుతుంది. పూతకు ముందు, పూతకు తరువాత తీసిన అట్టి కొలతలను సరిదిద్దకుండా నమ్మరాదు.

ఇక బలము మాట. ఉష్ణాన్ని పోనీయక ఇంజనులోనే బంధిస్తే ఎక్కువ పని వస్తుందనే ఆశతో 1970 తరువాత అమెరికా సైన్యము, కమిన్సు కంపెనీ కలిసి పింగాణి భాగాలతో, చల్లబరచే నీరు లేని డీజిలు ఇంజనును తయారు చేసినారు. ఇంజను నడిచినది, కాని ఆశించినంత లాభము రాలేదు. గోడల నుండి తప్పించిన ఉష్ణంలో ఎక్కువ భాగము పొగతోనే పోయినది. దానిని పట్టి పని చేయించుకొనే టర్బైను వెనుక ఉంటేనే ఫలము. 1985లో వచ్చిన పోర్షె 944 టర్బో కారులో పొగ వెలువడే మార్గాల లోపల పింగాణి తొడుగులు పెట్టినది ఈ ఉద్దేశంతోనే: టర్బైనుకు వేడి దక్కవలెను, నీటికి వేడి తగ్గవలెను.

ఇక్కడ కూడ లెక్క చూడవలెను. మానిఫోల్డు వైశాల్యము చదరపు మీటరులో పదవ వంతు అనుకొంటే, మెరిసే పూత మిగిల్చే ఉష్ణము సుమారు 1,600 వాట్లు. ఆ సమయంలో పొగతో పోయేది 50,000 వాట్లు అయితే, మిగిలినది నూటికి మూడు వంతులు. అందులోను టర్బైను పనిగా మార్చగలిగేది కొద్ది భాగమే. టర్బైను లేని కారులో అదంతా సైలెన్సరు గుండా గాలిలో కలుస్తుంది.

కాబట్టి తీర్పు ఇట్లు చెప్పవచ్చును. సామాన్యంగా ఇంటికి, ఆఫీసుకు తిరిగే కారుకు ఈ పూత ఖర్చు తిరిగి రాదు. అట్టి కార్లకు కార్ఖానాలోనే గొట్టానికి ఎదురుగా, కొంచెము ఎడముగా ఒక పలుచని రేకు బిగిస్తారు. అట్టి ఒక్క రేకు అడ్డు పెడితే వికిరణ ఉష్ణము సుమారు సగానికి తగ్గుతుంది. ఆ రేకు ఊడిపోతే మరల బిగించుకొనుట అన్నిటికంటె చవుకైన ఉపాయము. సామాన్యపు ఉక్కు గొట్టాలను తుప్పు నుండి కాపాడవలసినప్పుడు, పందెపు కార్లలో వలె ఇరుకు చోట తీగలను, ఇంధనపు గొట్టాలను వేడి నుండి తప్పించవలసినప్పుడు, టర్బో ఇంజనులో ప్రతి వాటును లెక్క చూచుకొనేటప్పుడు పూత తన ఖర్చును నిలుపుకొనవచ్చును. బ్రిటనులో హార్వెల్ అణుశక్తి పరిశోధనాలయంలో పెరిగిన ప్లాస్మా పూత విద్య పందెపు కార్ల పొగగొట్టాలకు ఎక్కినది ఇందుకే.

ఈ కథలోని ముఖ్య పదార్థము మనకు దూరపుది కాదు. భీమునిపట్టణము తీరపు ఇసుకలో ఇల్మెనైటు, గార్నెట్టులతో పాటు జిర్కాన్ రేణువులు కూడ ఉన్నవి. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో జిర్కాన్ ఇసుక నుండి జిర్కోనియము తీస్తారు. ఆ నగరపు శివార్లలోనే బాలాపూరు వద్ద ఉన్న పరిశోధన కేంద్రంలో లోహాలపై రక్షక పూతలు చిమ్మే విద్యను అభివృద్ధి చేస్తున్నారు.

ఉపాధ్యాయులు తరగతిలో లెస్లీ ప్రయోగాన్ని రెండు పాలడబ్బాలతో చేసి చూపవచ్చును. ఒకదానికి దీపపు మసి పట్టించి, మరియొకదానిని తోమి మెరిపించి, రెండింటిలోను సమానంగా వేడినీళ్ళు పోసి మూతలు పెట్టి, అయిదేసి నిమిషాలకు ఒకసారి ఉష్ణమాపకంతో చూడవలెను. ఏది ముందు చల్లారునో విద్యార్థులు తామే కనుగొంటారు. అటుపిమ్మట వారెవరైన పూత వర్తకుని అంగడికి వెళ్ళితే, ధర అడుగుటకు ముందు మరి రెండు ప్రశ్నలు అడుగుతారు: ఈ పూత గుండా ఎంత ఉష్ణము ప్రవహిస్తుంది? దీని పై ముఖము ఎంత వెదజల్లుతుంది?