ప్రళయకావేరియు నదీజలములును

మహాసభ సంచికకు మన కులవృత్తిని గూర్చి చరిత్రాంశ మొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరిరి. వంశావళులును బిరుదములును పూర్వ సంచికలలో విస్తారముగనే వచ్చియున్నవి. కావున మేమీ పర్యాయము మనుష్యులను విడిచి నీటిని గూర్చి వ్రాయదలచితిమి. నీరు లేనిదే చేప లేదు; చేప లేనిదే మన కులమునకు చరిత్రయే లేదు గదా!

తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రము, చిట్టమూరు, వాకాడు ప్రాంతముల నానుకొని సుమారు 60 కిలోమీటర్ల నిడివిగల ఉప్పునీటి సరస్సును ప్రభుత్వపు కాగితములలో పులికాటు అందురు. మన పెద్దలు ప్రళయకావేరి యనిరి. 2022 ఏప్రిల్ నుండి దాని ఆంధ్రభాగము తిరుపతి జిల్లాలో చేరినది. పేరును విడదీసి సంస్కృతార్థము చెప్పుట మావంటి పండితులకు సహజమే గాని, పళవేర్కాడు అను అరవమాటయే సంస్కృతవేషము ధరించి ప్రళయకావేరి యైనదని మాకు తోచుచున్నది. ఏమైనను పేరు తగినదే. ఏటేట ఈ సరస్సు ఒకమారు నిండి పొంగును, ఒకమారు ఎండి నెఱ్ఱెలువాఱును. చరిత్రగ్రంథములలో దీనికిగల ప్రసిద్ధి యంతయు 1613లో డచ్చివారు దక్షిణపు కొనను కట్టిన గెల్డ్రియా కోటవలన వచ్చినది. కోట శిథిలమైనది, వలలు నేటికిని పడుచున్నవి.

ఈ సరస్సునకు తల్లు లిద్దరు: కాళంగియు, అరణియు. కాళంగి చెంగాళమ్మ గుడి చెంతగా సూళ్లూరుపేటను దాటివచ్చును. అరణి పిచ్చాటూరు, నాగలాపురము, సురుటుపల్లి మీదుగా అరవదేశము చొచ్చి దక్షిణమున కలియును. స్వర్ణముఖి మాత్రము ఉత్తరముగా పోయి సముద్రమున పడును. ఇవి హిమాలయమున పుట్టిన జీవనదులు కావు. ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు ఈశాన్యపు వానలు కురిసినప్పుడు మాత్రమే ప్రవహించును. తక్కిన కాలమున ఇసుక మేటలే. అయినను ఆ రెండుమూడు మాసముల నీటిపైననే సరస్సు సంవత్సరమంతయు బ్రతుకును.

అది యెట్లనగా: సముద్రపుటలలు తీరము వెంట ఇసుకను త్రోసి సరస్సు ముఖములను పూడ్చుచుండును. రాయదొరువు మున్నగు ముఖములు ఇట్లు పూడినవే. ఏటివరద లోపలినుండి త్రోసినప్పుడే ఆ ఇసుకతిన్నె తెగును. తెగిన త్రోవను ఆటుపోటులతో కొయ్యింగ పిల్లలు, పండుగప్ప పిల్లలు, తెల్లరొయ్య పిల్లలు లోనికి వచ్చును. అవి పుట్టినది సముద్రము; పెరుగవలసినది ఉప్పును తీపియు కలసిన నీరు. పెరిగినపిమ్మట గ్రుడ్లు పెట్టుటకై మరల కడలికి పోవును. వరద రాకున్న త్రోవ లేదు. త్రోవ లేకున్న రాకయు లేదు, పోకయు లేదు. అట్టియేడు వేసవిలో ఉత్తరభాగపు నీరు కడలినీటికంటె ఉప్పుదేరి, కడకు ఉప్పుబురదగా మిగులును. మీది యేళ్లలోని మంచినీటి చేపలకథయు నిట్టిదే. వాలుగ తొలివరదకు ఎదురెక్కి గ్రుడ్లుపెట్టును. మన తాతలు జబ్బుపడినవారికి పథ్యముగా పెట్టిన మార్పుచేప నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి పట్టికలో నశింపనున్న జాతుల వరుస కెక్కినది.

పూర్వరాజులు మత్స్యరక్షణమును విస్మరింపలేదు. అశోకచక్రవర్తి తన పట్టాభిషేకము జరిగిన 26 ఏండ్లకు చెక్కించిన స్తంభశాసనమున, చాతుర్మాస్య పూర్ణిమలయందును మరికొన్ని తిథులయందును చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు ఆజ్ఞాపించెను. 12వ శతాబ్దిలో చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసమున ఏ చేప కే మేత వేయవలెనో సైతము వివరించెను. (మత్స్యశాస్త్రము సంస్కృతమున లేదనువారు ఆ భాగము చదువుదురు గాక.) ఆంగ్లేయుల కాలమున 1897 నాటి చట్టము విషము కలుపుటను, మందుగుండు ప్రేల్చుటను నిషేధించెను. 1907లో మద్రాసున మత్స్యశాఖ యేర్పడెను. విచారించి చూడ ఇవన్నియు పట్టువాని చేతిని కట్టినవే గాని నీటిని విడిపించినవి కావు. ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు మాత్రము 1873 నాటి నివేదికలో ఆనకట్టలు చేపలదారి నడ్డగించుచున్నవనియు, వానికి దారి విడువవలెననియు వ్రాసెను. ఆ మాట చెవినిబెట్టినవారు అరుదు.

1950ల దశకమున పిచ్చాటూరు వద్ద అరణికి ఆనకట్ట పడెను. రైతులకు మేలే జరిగినది; వారిని మేము నిందింపము, వారి వరియన్నమే మనమును తినుచున్నాము. శ్రీహరికోటకు వేసిన బాట సరస్సును నడుమ చీల్చినది. ఆ బాటమీదుగానే దేశమునకు కీర్తి తెచ్చిన రాకెట్లు పోయినవి. అయినను దానిక్రింద నీటికి చాలినన్ని తూములుండవలెనని కోరుట దేశద్రోహము కాదు.

ఉత్కళదేశపు చిలుక సరస్సునకు ఇట్టి యవస్థయే పట్టగా, 2000 సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము కొత్తముఖము త్రవ్వించెను. చేపలును రొయ్యలును మరల పెరిగినవి. అంతటితో ఆగక, మహానదిపై నరాజువద్ద ఆనకట్ట కట్టినప్పుడు చిలుకకు ఏ ఋతువున ఎంత తీపినీరు కావలెనో విద్వాంసులచేత లెక్క కట్టించిరి. మన సరస్సు విషయమున జనులు ముఖము త్రవ్వింపుడని మాత్రమే అడుగుచున్నారు. లోపలినుండి త్రోయు నీరు లేనిచో త్రవ్విన ముఖము మరల పూడును. ఈ సంగతి పడవ నడపిన ప్రతివానికి తెలిసినదే.

నీటిని పంచుకొనుట మనకు కొత్త కాదు. సరస్సు దక్షిణభాగమున పాడు అను కట్టుబాటు కలదు. వలలు కట్టు తావులను చీట్లువేసి వంతులవారీగా పంచుకొందురు. బలవంతుడైనను తన వంతు రానిదే వల దింపరాదు. అందు యానాదులకు చోటు లేకపోవుట లోపమే. చేతులతో రొయ్యలు తడవి పట్టుకొను ఆ పేదలును ఈ నీటిబిడ్డలే.

కావున ఈ మహాసభలో చేయదగిన తీర్మానమును మా కోరికగా తెలుపుచున్నాము. అరణి, కాళంగులపై గల కట్టడములనుండి తొలివరదలో కొంత భాగమును నిలుపక విడువవలెను. చెరువులు నిండినపిమ్మట మార్గశిరమున మరియొక విడత ఒక్కుమ్మడిగా విడువవలెను. కొంచెము కొంచెముగా విడిచిన నీరు ఇసుకలో ఇంకునేగాని తిన్నెను తెంపదు. ఆ దినములలో ముఖముచెంత సన్నకన్నుల వలలు వేయబోమని మనవారు ముందుగా వ్రాతమూలకముగ నొప్పుకొనవలెను. ప్రతిగ్రామమున వృద్ధులు ఏయేట ఏ ముఖము ఏ నెలలో తెగినదో చెప్పగలరు. వారుండగనే ఆ సంగతులను వ్రాయించి అధికారులకు పంపు విన్నపమునకు చేర్పవలెను.