వ్యథ, వేపథువు, డోల: చలించే మనస్సుకు భాషలు పెట్టిన పేర్లు



గత కార్తికమాసంలో ఒక సోమవారం సాయంకాలం జరిగిన చిన్న విషయంతో ఈ వ్యాసాన్ని ఆరంభిస్తున్నాను. మా ఆలయానికి నిత్యం వచ్చే విశ్రాంత ఉపాధ్యాయులొకరు ధ్వజస్తంభం దగ్గర దీపం పెట్టబోతుండగా చేయి వణికి, ప్రమిదలోని నూనె సగం నేలపాలైంది. వారికి కొన్నేళ్లుగా కంపవాతం ఉన్నది. నేను గుడ్డతో నేల తుడుస్తుంటే వారు నెమ్మదిగా అన్నారు: "స్వామీ, నిండుకుండ తొణకదంటారు. చేయి వణికితే వ్యాధి అని సరిపెట్టుకుంటాను. జపానికి కూర్చుంటే మనస్సు కూడా ఇలాగే వణుకుతున్నది. ఇంత చంచలుడు పెట్టిన దీపాన్ని శివుడు స్వీకరిస్తాడంటారా?"

"భావమే ప్రధానం మాస్టారూ" అన్నాను. అందరికీ చెప్పే మాటే. ఆ సమాధానంతో వారు తృప్తి పడలేదు, నాకూ తృప్తి కలగలేదు. ఆ రాత్రి పవళింపు సేవ అయిన తరువాత ధాతుపాఠాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. చంచలత్వాన్ని మన పూర్వులు ఏయే పదాలతో పిలిచారో, ఆ పదాలు కాలక్రమంలో ఏయే దారులు పట్టాయో చూడాలనిపించింది. అలా చూసినప్పుడు తోచిన విషయాలను ఆస్తికమహాశయుల ముందు ఉంచుతున్నాను.

ధాతువులలోని రహస్యం

పాణినీయ ధాతుపాఠంలో సుమారు 2000 ధాతువులున్నాయి. వాటిలో నిలకడలేని కదలికకు కేటాయించినవి ఒకటి రెండు కావు. 'కపి' ధాతువుకు చలనమని, 'చల' ధాతువుకు కంపనమని అర్థాలు చెప్పి, ఒకదానిని మరొకదానితో వివరించారు. 'వేపృ', 'ఏజృ', 'ధూఞ్' అనేవి మూడూ కంపనార్థకాలే. 'స్ఖల', 'క్షుభ' సంచలనార్థకాలు. 'స్పది' అనేది కొద్దిపాటి చలనానికి మాత్రమే చెల్లుతుంది. విదిలించుకోవడమనే అర్థంలో 'ధూఞ్' నుండి అవధూత శబ్దం వచ్చింది. సంసారవాసనలను దులిపివేసుకున్నవాడు అవధూత.

వీటన్నిటిలో రెండు ధాతువులు ప్రత్యేకంగా గమనింపదగినవి: 'వ్యథ', 'ఓవిజీ'. ఈ రెండింటికీ భయమూ చలనమూ అని జంట అర్థాలు చెప్పబడ్డాయి. అంటే వెలుపలి కదలికకూ లోపలి కలవరానికీ ఆ ప్రాచీనులు ఒకే ధాతువును వాడారు. ఈ జంట అర్థాలలో కాలక్రమాన ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నదే ఈ పదాల చరిత్ర.

వ్యథ: భూమి నుండి హృదయానికి

తెలుగులో 'వ్యథ' అనగానే దుఃఖం స్ఫురిస్తుంది. భూమి ఊగితే దానికి వ్యథ కలిగిందని ఈనాడు ఎవరూ అనరు. కాని ఋగ్వేదం ద్వితీయమండలంలో గృత్సమద మహర్షి దర్శించిన ప్రసిద్ధమైన ఇంద్రసూక్తంలో, నిలకడ లేక ఊగుతున్న పృథివిని ఇంద్రుడు స్థిరపరచాడని చెప్పే చోట ఈ ధాతువే ఉన్నది. అక్కడ దుఃఖప్రసక్తి లేదు. పాదం కింద నేల స్థిరంగా లేకపోవడమే ఆనాటి వ్యథ. తరువాతి కాలంలో ఆ పదం భూమిని విడిచి మనస్సులో ప్రవేశించింది. మన భాషకు చేరేనాటికి చలనార్థం పూర్తిగా లోపించి, బాధ ఒక్కటే మిగిలింది.

భగవద్గీతలో ఈ పదం వచ్చిన చోటల్లా రెండు అర్థాలనూ కలిపి చదవడం మేలు. ద్వితీయాధ్యాయంలో శీతోష్ణాలు ఎవరిని 'వ్యథింపజేయవో' అతడు అమృతత్వానికి అర్హుడని చెప్పబడింది. ధీరుడికి బాధ తెలియదని దాని భావం కాదు. బాధ కలిగినా అతని పాదం కింద నేల కదలదు.

వేపథువు: ఒకే వణుకు, రెండు సందర్భాలు

'వేపృ' ధాతువు నుండి వచ్చిన వేపథు శబ్దానికి వణుకు అని అర్థం. దీనికి సంబంధించినదే వైదికమైన 'విప్'. నిఘంటువులో మేధావి నామాలలో 'విప్ర' శబ్దం చేరింది. ఆ పదానికి మన నైఘంటికులు చెప్పే వ్యుత్పత్తులు వేరుగా ఉన్నా, వేదభాషను చారిత్రకదృష్టితో పరిశీలించిన పండితులు దానిని ఈ 'విప్'తోనే ముడిపెడతారు. మంత్రదర్శనవేళ ఎవని అంతరంగం కంపిస్తుందో అతడు విప్రుడని వారి అన్వయం. అంటే వణుకు మేధావికి లక్షణమైంది!

ఈ ధాతువుకు జ్ఞాతి లాటిన్ భాషలోనూ ఉన్నది. కదిలించు, ఊపు అనే అర్థంగల 'విబ్రారే' అనే ఆ క్రియ నుండి ఆంగ్లంలోని 'వైబ్రేషన్' పుట్టింది. "ఈ క్షేత్రంలో మంచి వైబ్రేషన్స్ ఉన్నాయండీ" అని భక్తులు అంటుంటారు. తెలియకుండానే వారు వేపథు శబ్దానికి దూరపుచుట్టమైన మాటను పలుకుతున్నారు.

ఇక గీతకు వద్దాం. ప్రథమాధ్యాయంలో అర్జునుడు తన శరీరంలో వేపథువు కలుగుతున్నదని చెప్పుకుంటాడు. బంధుమోహంతో కలిగిన వణుకు అది. గాండీవం చేతినుండి జారింది. తిరిగి ఏకాదశాధ్యాయంలో విశ్వరూపదర్శనం తరువాత సంజయుడు అదే ధాతువుతో అర్జునుణ్ణి వర్ణిస్తాడు. అప్పుడూ కిరీటి వణుకుతూనే ఉన్నాడు, భయమూ తొలగలేదు. కాని ఈమారు చేతులు జోడించి ఉన్నాయి. నోట స్తుతి వెలువడుతున్నది.

ఇక్కడ సూక్ష్మమైన విషయమొకటి ఉన్నది. దానికి ముందు శ్లోకంలోనే భగవానుడు వ్యథ చెందవద్దని అర్జునుణ్ణి ఆదేశించాడు. ఆ మరుశ్లోకంలో అర్జునుడు వేపథువుతో నమస్కరించాడు. స్వామి నిషేధించినది వ్యథను. నమస్కరించేవాని వణుకును ఆయన ఎక్కడా తప్పుపట్టలేదు. రెండు పదాలనూ తెలుగులో 'వణుకు' అనే ఒక్క మాటతో అనువదిస్తే ఈ భేదం కనుమరుగవుతుంది.

భరతముని ఎనిమిది సాత్త్వికభావాలలో వేపథువును చేర్చి, చలి, భయం, హర్షం, రోషం, స్పర్శ, వార్ధక్యం దానికి కారణాలన్నాడు. హర్షమూ వార్ధక్యమూ ఒకే పట్టికలో చేరడం గమనించండి. 16వ శతాబ్దిలో రూపగోస్వామి 'భక్తిరసామృతసింధువు'లో ఆ ఎనిమిదింటినీ భక్తుని లక్షణాలుగా నిరూపించాడు.

పరదేశంలోనూ ఇటువంటి ఉదాహరణ ఒకటి ఉన్నది. 1650లో ఇంగ్లండులోని డర్బీ పట్టణంలో జార్జి ఫాక్స్ అనే క్రైస్తవ బోధకుడు తనను విచారిస్తున్న న్యాయాధికారితో, దైవవాక్యం ముందు వణకమని అన్నాడు. ఆ అధికారి ఎగతాళిగా ఆ వర్గానికి 'క్వేకర్లు', అనగా వణికేవారు, అని పేరుపెట్టాడు. ఆ పేరే లోకంలో స్థిరపడింది.

ఉద్వేగం, సంవేగం

'విజ్' ధాతువు చరిత్ర ఇంకా బోధకంగా ఉంటుంది. దానికి 'ఉత్' ఉపసర్గ చేరితే ఉద్వేగం, 'సం' చేరితే సంవేగం. గీత ద్వాదశాధ్యాయం ఉద్వేగాన్ని వదలినవాడే తనకు ప్రియుడని భగవంతునిచేత పలికించింది. పతంజలి యోగసూత్రాల ప్రథమపాదం మాత్రం తీవ్రసంవేగం గలవారికి సమాధి సమీపంలో ఉంటుందని చెప్పింది. ఈ సంవేగమంటే వైరాగ్యమని వాచస్పతిమిశ్రుల వ్యాఖ్య. ధాతువు ఒక్కటే. ఒక ఉపసర్గతో అది విడువదగినది, మరొక ఉపసర్గతో అది సాధకునికి సంపద.

బౌద్ధుల పాలీభాషలోనూ ఈ సంవేగ శబ్దానికి గౌరవస్థానం ఉన్నది. అశ్వఘోషుడు బుద్ధచరితంలో సిద్ధార్థుడు వృద్ధుని, రోగిని, మృతుని చూసి చలించిన సర్గకు 'సంవేగోత్పత్తి' అని పేరుపెట్టాడు. లుంబిని, బుద్ధగయ, సారనాథ్, కుశీనగరం అనే నాలుగు స్థలాలను మహాపరినిర్వాణసూత్రం సంవేగం కలిగించే క్షేత్రాలుగా పేర్కొన్నది. తీర్థయాత్ర మనస్సును నిద్రపుచ్చడానికి కాక, కదిలించడానికి ఏర్పడిందని దీనివల్ల తెలుస్తుంది.

కంపనాధికరణం

ఈ విచారణకు తలమానికం వేదాంతశాస్త్రంలో ఉన్నది. బ్రహ్మసూత్రాల ప్రథమాధ్యాయం తృతీయపాదంలో కంపనాధికరణమని ఒక అధికరణం. దాని సూత్రం ఒకే ఒక్క పదం. కఠోపనిషత్తులో ఈ సమస్తజగత్తూ 'ప్రాణం'లో కంపిస్తున్నదని ఒక మంత్రం చెబుతుంది. ఆ ప్రాణం శరీరంలోని వాయువా, లేక పరబ్రహ్మమా అన్నది సంశయం. శంకరభగవత్పాదులు 'ఏజృ' ధాతువుకు కంపనార్థమున్నదని చూపి, సర్వజగత్తునూ కంపింపజేసేది పరబ్రహ్మమే తప్ప వాయువు కాదని సిద్ధాంతం చేశారు. ఆ ఉపనిషత్తులోనే తరువాతి మంత్రం అగ్ని, సూర్యుడు, ఇంద్రుడు, వాయువు, మృత్యువు ఆ తత్త్వానికి వెరచి తమతమ పనులు చేస్తున్నారని చెప్పింది.

ఆ ఐదుగురూ కంపిస్తూనే తమ విధులను తప్పక నిర్వర్తిస్తున్నారు. కంపనం ఉన్నచోట ఈశ్వరుడు లేడని కాదు, ఈశ్వరుడు ఉన్నందువల్లనే కంపనం కలిగిందని అధికరణం నిర్ణయించింది. 9వ శతాబ్దిలో కాశ్మీరదేశపు శైవాచార్యులు ఇంకొక అడుగు వేసి, శివతత్త్వానికే 'స్పందం' అని పేరుపెట్టి శాస్త్రం రచించారు. కొద్దిపాటి చలనమనే ఆ చిన్న ధాతువును వారు ఏరికోరి తీసుకున్నారు.

స్వరంలో కంపం

మేము ఋక్శాఖాధ్యాయులం. ఋగ్వేద స్వరశాస్త్రంలో 'కంపం' అని ఒకటి ఉన్నది. స్వతంత్రస్వరితం వెంటనే ఉదాత్తం వస్తే ఆ స్వరితాన్ని కంపంతో పలకాలి. లిఖితగ్రంథాలలో హ్రస్వానికి 1, దీర్ఘానికి 3 అనే అంకెలతో దానిని గుర్తిస్తారు. నాకు పదకొండేళ్ల వయస్సులో మొదటిసారి పెద్దల సభలో సూక్తం చెప్పవలసివచ్చింది. భయంతో ఆద్యంతం నా గొంతు వణికింది. అయ్యాక గురువుగారు దగ్గరకు పిలిచి, "ఒరే, కంపం రావలసిన చోట రాలేదు. రాకూడని చోటల్లా వచ్చింది" అని నవ్వారు. నేను తలవంచుకుని నిలబడితే, "గొంతు వణకడం దోషం కాదురా. దానికి చోటు నేర్పాలి, అంతే" అన్నారు. ఆ తరువాత నెలరోజులు ఆ కంపస్థానాలనే సంత చెప్పారు.

సంగీతశాస్త్రమూ ఇదే పని చేసింది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో 15 గమకాలను నిర్వచించాడు. అందులో కంపితం, ఆందోళితం, స్ఫురితం ఉన్నాయి. ఏ వణుకు ఎంత కాలం నిలవాలో కొలత కూడా ఇచ్చాడు. నేడు మనం 'ఆందోళన' అని భయపడే పదం అక్కడ రాగానికి అలంకారం.

ఊగుట, తూగుట, ఆడుట

ద్రావిడభాషలలోని పలుకుబడి ఇంకా ఆత్మీయంగా ఉంటుంది. తెలుగులో 'తూగు' అంటే ఊగడమూ, బరువు సరిపోవడమూ కూడా. తక్కెడముల్లు అటూ ఇటూ ఊగిన తరువాతే నిలుస్తుంది కదా. నిశ్చయం కుదరని మనస్సు తెలుగులో ఊగిసలాడుతుంది, తమిళంలో 'ఊసలాడు'తుంది. రెండింటి చివరా ఉన్న 'ఆడు' అనే క్రియ ఆటకూ నాట్యానికీ కూడా చెల్లుతుంది. నటరాజస్వామికి తమిళంలో 'ఆడవల్లాన్' అని పేరు, ఆడటంలో నేర్పరి అని అర్థం. తంజావూరులో రాజరాజచోళుడు 1010లో పూర్తిచేయించిన మహాలయంలోని శాసనాలలో, స్వామికి సమర్పించిన ఆభరణాలను 'ఆడవల్లాన్' అనే పేరుగల రాతితో తూచినట్లు ఉన్నది. ఆడే దేవుని పేరే అక్కడ చలించని తూనికరాయికి పెట్టారు.

తమిళంలోని ఊంజల్, మన ఉయ్యాల, సంస్కృతంలోని డోల ఒకే వస్తువుకు పేర్లు. మన ఆలయాలలో స్వామికి డోలోత్సవం జరుపుతాము, తెలుగుదేశంలోనూ దానిని ఊంజల్ సేవ అనే పిలుస్తాము. అచలుడైన దేవుణ్ణి ఊపడమెందుకని చిన్నప్పుడు నాకు సందేహం ఉండేది. తాళ్లపాక అన్నమాచార్యుల 'అలర చంచలమైన' అనే సంకీర్తన ఆ సందేహాన్ని తీర్చింది. చలించే జీవుల ఆత్మలలో కాపురమున్నందువల్లనే స్వామికి ఉయ్యాల అలవాటైందని ఆ మహానుభావుని భావన. మన ఉచ్ఛ్వాసనిశ్శ్వాసలు కూడా ఆయనకు ఊయలే. మనస్సు ఊగుతున్నదని మనం సిగ్గుపడుతుంటే, ఆ ఊపులోనే ఆయన కూర్చుని ఉన్నాడని ఆచార్యులవారు చూపించారు.

దీపం సంగతి

అంతమాత్రాన చాంచల్యమే చాలునని, అభ్యాసం అక్కరలేదని భావించరాదు. గాలిలేని చోట కదలని దీపంలా యోగి చిత్తం ఉండాలని గీత ఆరవ అధ్యాయం చెబుతుంది. మనస్సు చంచలమని అర్జునుడు అక్కడ మొరపెట్టుకుంటే, భగవానుడు అది నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తరువాతే అభ్యాసవైరాగ్యాలను ఉపదేశించాడు. నిశ్చలదీపం గమ్యం. ఆ గమ్యానికి వెళ్లే దారిలో దీపం రెపరెపలాడుతుంది. మనం నీరాజనమిచ్చేటప్పుడు జ్యోతిని స్వయంగా కదిలిస్తాము, అయినా అది ఉపచారమే.

మరుసటి సోమవారం మాస్టారు వచ్చినప్పుడు ఇదంతా వారికి విన్నవించాను. "మీ చేతికున్నది వేపథువు మాస్టారూ, వ్యథ కాదు" అన్నాను. వారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత సంచిలోనుంచి ప్రమిద తీశారు. నూనె సగానికే పోసుకుని వచ్చారు. చేయి వణుకుతూనే ఉన్నది, కాని చుక్క కూడా తొణకలేదు. ధ్వజస్తంభం దగ్గర ఆ దీపం ప్రదోషపూజ ముగిసేవరకు వెలుగుతూనే ఉన్నది.

శుభం భూయాత్.