విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో శాస్త్రవేత్తల శిల్పాలు: కృష్ణా డెల్టా నేపథ్యం

రహదారులు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాలలో విగ్రహ స్థాపనకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. ఈ నేపథ్యంలో శాస్త్రవేత్తల స్మారక శిల్పాలకు విద్యాసంస్థల ప్రాంగణాలే అనువైన స్థలాలు. పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం కొన్ని వివరాలు ఇవ్వడమైనది.

దేశంలో ఇందుకు చక్కని ఉదాహరణ పుణె విశ్వవిద్యాలయ ఆవరణలోని అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ, ఖగోళ భౌతికశాస్త్ర కేంద్రం. 1988లో ఏర్పడిన ఈ సంస్థకు జయంత్ నార్లీకర్ వ్యవస్థాపక సంచాలకులు కాగా, భవనాల రూపశిల్పి చార్లెస్ కొరియా. మెట్ల కోనేరును తలపించే నడిమి ఆవరణలో ఆర్యభట, గెలీలియో, న్యూటన్, ఐన్‌స్టీన్ శిల్పాలను ప్రతిష్ఠించారు. పూలదండల కొరకు గాక, విద్యార్థులు నిత్యం మసలే చోట వాటిని నిలపడమే ఇందులోని విశేషం.

ఆర్యభటుని రూపం ఎలా ఉండేదో తెలిపే ఆధారమేదీ లేదు. ఆయనకు ఏ శిల్పి రూపమిచ్చినా అది ఊహాశిల్పమే. ఆచార్య నాగార్జునుని విషయమూ ఇంతే. ఇటువంటి శిల్పాల ఫలకంపై ఆ మాట చెక్కించడం ఉచితం.

కృష్ణా డెల్టాకు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉన్నది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైనది బెజవాడలోనే. 1930లో అది వాల్తేరుకు తరలినది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 1986లో విజయవాడ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడినవి. వైద్య విద్యా ప్రాంగణానికి యల్లాప్రగడ సుబ్బారావు కంటే తగిన వ్యక్తి అరుదు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, ఫాస్ఫరస్ పరిమాణాన్ని నిర్ణయించే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలసి రూపొందించారు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నేతృత్వంలోని పరిశోధన ఫలితంగానే బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ వెలువడినది. డెల్టా పల్లెలకు ఆ మందు బిళ్ల సుపరిచితం, దాని వెనుక ఉన్న తెలుగువాని పేరు అంతగా కాదు. ఆయన 1948లో అమెరికాలో మరణించగా, 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసినది.

ఇంజనీర్లలో కానూరి లక్ష్మణరావు ముఖ్యులు. 1902లో కంకిపాడులో జన్మించి, విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖలను నిర్వహించారు. పులిచింతల జలాశయానికి ఆయన పేరే పెట్టబడినది.

ఫలకాలు వ్రాయించేటప్పుడు తరచు జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. విజయవాడ వద్ద 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట ఘనతను సర్ ఆర్థర్ కాటన్ ఒక్కరికే ఆపాదిస్తుంటారు. దానికి ప్రేరకుడు కాటన్ అయినా, నిర్మాణాన్ని దగ్గరుండి నడిపించినవారు కెప్టెన్ ఛార్లెస్ ఆర్. ఆ ఆనకట్టకు 1952లో గండి పడిన పిమ్మట 1957 నాటికి ప్రకాశం బ్యారేజి నిర్మితమైనది. ఆర్ పేరు కూడ ఫలకంపై ఉండుట న్యాయం.

మరొక ఆచరణాత్మక విషయం. డెల్టాలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పైపైన కట్టిన దిమ్మె కొద్ది సంవత్సరాలలోనే ఒరుగుతుంది. కావున శిల్పం అంచనాలలో పునాది వ్యయాన్ని విడిగా చూపవలసి ఉంటుంది.